కొలియూర్ - పోర్‌వాండ్ర్ తీరపు కాలిబాట

కొలియూర్, పోర్‌వాండ్ర్ అనేవి ఫ్రాన్సు దేశపు దక్షిణ కొసన, మధ్యధరా సముద్ర తీరంలో, స్పెయిన్ సరిహద్దుకు చేరువలో ఉన్న రెండు ఇరుగుపొరుగు రేవు పట్టణాలు. ఈ రెండు పట్టణాలను కలుపుతూ సముద్రపు అంచున సాగే నడకదారిని కొలియూర్ - పోర్‌వాండ్ర్ తీరపు కాలిబాట అని చెప్పవచ్చును. ఉత్తరాన ఆర్జెలెస్ నుండి దక్షిణాన సరిహద్దు గ్రామమైన సెర్‌బేర్ వరకు సాగే పొడవైన తీరపు బాటలో ఇది ఒక భాగం. రోడ్డు మీద కొలిస్తే రెండు పట్టణాల మధ్య దూరం సుమారు 3 కిలోమీటర్లు మాత్రమే. తీరపు వంపులను అనుసరించి, ఆగి చూసుకుంటూ తీరికగా నడిచేవారికి సుమారు రెండు గంటలు పడుతుంది.

దూరం తక్కువైనా ఈ దారికి చరిత్రలో చోటు ఎక్కువ. రాజ్యాల మధ్య సరిహద్దులు మారడం, సుంకం సిపాయిల గస్తీ, ఇరవయ్యవ శతాబ్దపు చిత్రకళలో వచ్చిన ఒక పెద్ద మార్పు, యుద్ధకాలంలో శరణార్థుల ప్రయాణం - ఇవన్నీ ఈ కొద్దిపాటి తీరంతో ముడిపడి ఉన్నవి. సముద్రపు ఒడ్డు ఎవరికి చెందుతుంది అనే ప్రశ్నకు ఒక దేశం చట్టం ద్వారా ఇచ్చుకున్న సమాధానానికి కూడా ఈ బాట మంచి ఉదాహరణ.

పేర్ల వివరణ

పోర్‌వాండ్ర్ అనే పేరు లాటిన్ భాషలోని 'పోర్టుస్ వెనెరిస్' నుండి వచ్చినది. దీనికి 'వీనస్ దేవత రేవు' అని అర్థం. పిరనీస్ పర్వతాలు సముద్రాన్ని తాకే చోట ప్రేమదేవత ఆలయం ఒకటి ఉండేదని ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో పేర్కొన్నాడు. కొలియూర్ పాత పేరు 'కౌకోలిబెరిస్'. సా.శ. 673లో విసిగోతుల రాజు వాంబా ఒక తిరుగుబాటును అణచడానికి వచ్చి పట్టుకున్న కోటలలో ఈ పేరు కనిపిస్తుంది.

ఈ తీర ప్రాంతాన్ని ఫ్రెంచి భాషలో 'కోత్ వెర్మేయ్' అంటారు. 'వెర్మేయ్' అనగా సింధూరపు ఎరుపు. ఇక్కడి నేల, రాతి రంగును బట్టి ఈ పేరు ఏర్పడినది. కొలియూర్, పోర్‌వాండ్ర్, బన్యుల్స్, సెర్‌బేర్ ఈ తీరంలోని నాలుగు ముఖ్య పట్టణాలు. స్థానికులలో ఫ్రెంచితో పాటు కాటలాన్ భాష కూడా వాడుకలో ఉన్నది.

భౌగోళిక స్థితి

ఈ ప్రాంతం పిరనీస్-ఓరియంటాల్ (తూర్పు పిరనీస్) జిల్లాలో ఉన్నది. జిల్లా కేంద్రమైన పెర్పిన్యాన్ నగరం కొలియూర్‌కు వాయవ్యంగా సుమారు 27 కి.మీ. దూరంలో ఉన్నది. పెర్పిన్యాన్ నుండి ఆర్జెలెస్ వరకు తీరం చదునైన ఇసుక నేల. ఆర్జెలెస్ దాటగానే దృశ్యం పూర్తిగా మారిపోతుంది. పిరనీస్ పర్వతాల తూర్పు శాఖయైన అల్బేర్ కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. అందువలన తీరం రాతి ముక్కులుగాను, వాటి నడుమ చిన్న చిన్న అఖాతాలుగాను చీలి ఉంటుంది. పలకలు పలకలుగా విడిపోయే షిస్టు రాయి ఇక్కడ ప్రధానమైనది. బాట మీద కాలికి తగిలేదీ, కొండవాలు మీద గోడలుగా కనిపించేదీ ఈ రాయే.

మధ్యధరా సముద్రంలో ఆటుపోట్ల తేడా చాలా స్వల్పం. మహాసముద్రాల తీరాలలో వలె నీరు మీటర్ల కొద్దీ పైకి రావడం, వెనుకకు పోవడం ఇక్కడ ఉండదు. కనుకనే ఇళ్ళు, పడవల రేవులు, నడకదారులు నీటికి అంత దగ్గరగా ఉండగలుగుతున్నవి. అయితే గాలి విషయంలో జాగ్రత్త అవసరం. వాయవ్య దిశ నుండి వీచే 'త్రామొంతాన్' అనే పొడిగాలి ఒక్కొక్కప్పుడు గంటకు 100 కి.మీ. వేగాన్ని మించుతుంది. అది వీచినప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాని రాతి అంచుల మీద నిలబడడం కష్టం. తూర్పు నుండి వీచే సముద్రపు గాలి తేమను, పెద్ద అలలను తెస్తుంది.

చరిత్ర

మధ్యయుగంలో కొలియూర్ పెర్పిన్యాన్ నగరానికి రేవుగా ఉండేది. 1276 నుండి 1344 వరకు ఈ ప్రాంతం మయోర్కా రాజ్యంలో భాగం. ఆ రాజుల కాలంలోనే కొలియూర్ రాజకోట ప్రస్తుత రూపానికి పునాది పడినది. తరువాత ఈ భూమి ఆరగాన్ రాజ్యానికి, అటుపై స్పెయిన్‌కు చెందినది. చక్రవర్తి ఐదవ చార్లెస్ కాలంలో, 1538 - 1552 మధ్య, రెండు రేవులనూ పైనుండి కాపాడేలా కొండ మీద నక్షత్రాకారంలో సాంత్-ఎల్మ్ కోటను నిర్మించారు.

1642లో ఫ్రెంచి సైన్యం కొలియూర్‌ను పట్టుకున్నది. 1659లో కుదిరిన పిరనీస్ ఒప్పందంతో ఈ ప్రాంతం శాశ్వతంగా ఫ్రాన్సు వశమైనది. పద్నాలుగవ లూయీ రాజు కోటల నిర్మాత వోబాన్ ఇక్కడి రక్షణ ఏర్పాట్లను మార్చివేశాడు. కోట చుట్టూ ఖాళీ స్థలం కోసం పాత ఊరిలో కొంత భాగాన్ని, పాత చర్చిని కూల్చివేశారు. నీటి అంచున నేడు కనిపించే నోత్ర్-దామ్-దేజాంజ్ చర్చిని 1684 - 1691 మధ్య కట్టారు. దీని గుండ్రని గంట గోపురం అంతకు ముందు రేవుకు దీపస్తంభంగా పనిచేసినది.

కొలియూర్ అఖాతం తెరచి ఉన్నది, లోతు తక్కువ. పోర్‌వాండ్ర్ మాత్రం కొండల మధ్యకు చొచ్చుకుపోయిన లోతైన సహజ రేవు. ఈ తేడా వల్లనే రెండు పట్టణాలు వేర్వేరు దారులలో నడిచినవి. పెద్ద ఓడలు పోర్‌వాండ్ర్‌కు పోగా, కొలియూర్ జాలరి పడవలతోనే మిగిలినది. పదహారవ లూయీ కాలంలో, 1780 దశకంలో, పోర్‌వాండ్ర్ రేవును పునర్నిర్మించి, రాజు గౌరవార్థం ఎర్ర పాలరాతి స్తంభం ఒకదానిని నిలిపారు. స్తంభపు పీఠం మీద అమెరికా స్వాతంత్ర్యం, భూదాస్య నిర్మూలన, స్వేచ్ఛా వాణిజ్యం, నౌకాదళ పునరుద్ధరణ అనే నాలుగు అంశాలను చిత్రించారు. కొద్ది సంవత్సరాలకే, 1793లో, ఆ రాజుకు మరణశిక్ష పడినది. స్తంభం మాత్రం నేటికీ ఉన్నది.

1830లో ఫ్రాన్సు అల్జీరియాను ఆక్రమించడం మొదలుపెట్టిన తరువాత పోర్‌వాండ్ర్ ప్రాముఖ్యం బాగా పెరిగినది. ఇక్కడి నుండి అల్జీర్స్, ఒరాన్ నగరాలకు ప్రయాణికుల ఓడలు నడిచేవి. 1860 దశకంలో రైలు మార్గం వచ్చింది. 1944 ఆగస్టులో వెనుదిరుగుతున్న జర్మన్ సైన్యం రేవును పేల్చివేసినది. యుద్ధానంతరం రేవును తిరిగి కట్టినా, 1962లో అల్జీరియా స్వతంత్రం కావడంతో ఆ పాత రాకపోకల యుగం ముగిసినది.

నడక దారి

నడకను కొలియూర్ చర్చి పక్కనున్న బొరామార్ అనే చిన్న తీరం వద్ద ప్రారంభించడం ఆనవాయితీ. అక్కడి నుండి రాజకోట గోడల కిందుగా, నీటి పక్కనే వేసిన రాతి నడవ మీదుగా పట్టణపు రెండవ అఖాతానికి చేరవచ్చును. ఆ భాగాన్ని పోర్ దవాల్ అంటారు. పూర్వం జాలరి పడవలను ఒడ్డుకు లాగి నిలిపేది ఈ తీరాల మీదనే. ఒక వాలు తెరచాప, ముదురు రంగులు పూసిన చెక్కతో ఉండే 'కాటలాన్ పడవ'లను కొన్నింటిని జ్ఞాపకార్థం నేటికీ నీటిలో నిలిపి ఉంచుతున్నారు. పోర్ దవాల్ దాటి లా బాలెత్ తీరం చేరేసరికి పట్టణం వెనుకబడుతుంది. వెనుదిరిగి చూస్తే చర్చి గోపురం, కోట, కొండమీది సాంత్-ఎల్మ్ కోట ఒకే చూపులో కనిపిస్తాయి.

తరువాత దారి కొండ ఎక్కుతుంది. కొంత భాగం పాత రోడ్డు వెంబడి, కొంత భాగం రాతి ముక్కుల మీదుగా సాగుతుంది. ఎడమ వైపు సముద్రం, కుడి వైపు మెట్లు మెట్లుగా కట్టిన ద్రాక్ష తోటలు ఉంటాయి. ఈ తోటల గోడలను సున్నం గాని, మట్టి గాని వాడకుండా రాతి పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టారు. అరుదుగా కురిసినా ఒక్కసారిగా కురిసే వాన మట్టిని కొట్టుకుపోకుండా, వాలుకు అడ్డంగా ఏటవాలు కాలువలు తీసి మధ్య కాలువలో కలుపుతారు. పైనుండి చూస్తే ఈ కాలువల అమరిక కోడి పాదం వలె ఉంటుంది కనుక కాటలాన్‌లో దానికి 'కోడి కాలు' అనే పేరే వచ్చినది. ఈ పద్ధతి తెలియకపోతే ఇంత నిట్రపు వాలు మీద సాగు సాధ్యం కాదు.

గ్రో అగ్రం అనే రాతి ముక్కు, దాని సమీపంలోని చిన్న అఖాతాలు ఈ దారిలో విశ్రాంతికి అనువైన చోట్లు. ఆ తరువాత దారి దిగుతూ పోర్‌వాండ్ర్ రేవు ముఖద్వారం వైపు తిరుగుతుంది. పొడవైన రేవుగట్టు, దానికి కట్టిన చేపల పడవలు, ఎదుటి కొండ మీద ఇళ్ళు కనిపించడంతో నడక ముగింపుకు వచ్చినట్లు తెలుస్తుంది. పట్టణంలో ఎర్ర పాలరాతి స్తంభంతో పాటు, మొదటి ప్రపంచ యుద్ధ మృతుల స్మారక శిల్పం చూడదగినది. దీనిని చెక్కినవాడు పొరుగున ఉన్న బన్యుల్స్‌లో జన్మించిన ప్రసిద్ధ శిల్పి ఆరిస్తీద్ మయ్యోల్ (1861 - 1944). తిరుగు ప్రయాణానికి రైలు సౌకర్యం ఉన్నది. రెండు గంటల నడకను రైలు కొద్ది నిమిషాలలో పూర్తి చేస్తుంది.

సుంకం బాట నుండి ప్రజల బాట వరకు

ఫ్రాన్సులో తీరపు బాటలకు 'సుంకం సిపాయిల దారి' అనే పాత పేరు ఒకటి ఉన్నది. ఫ్రెంచి విప్లవం తరువాత 1791లో దేశవ్యాప్తంగా ఒకే సుంకాల వ్యవస్థ ఏర్పడినది. దొంగచాటుగా సరుకు దింపే పడవలను కనిపెట్టడానికి సిపాయిలు రాత్రింబవళ్ళు ఒడ్డు వెంట నడిచేవారు. సరిహద్దుకు దగ్గరైన ఈ తీరంలో ఆ గస్తీకి మరింత అవసరం ఉండేది. ఇరవయ్యవ శతాబ్దంలో గస్తీ తగ్గగా చాలా చోట్ల దారులు పొదలలో కలిసిపోయినవి. అదే కాలంలో సముద్రం ఎదుట ఇల్లు కట్టుకోవాలనే కోరిక పెరిగి, ఒడ్డున కంచెలు లేచినవి.

ఈ పరిస్థితిని గమనించి ఫ్రెంచి ప్రభుత్వం మూడు ముఖ్యమైన చర్యలు తీసుకున్నది.

మొదటిది, 1975లో తీర సంరక్షణ సంస్థను స్థాపించడం. ఈ ప్రభుత్వ సంస్థ తీర భూములను కొని, మళ్ళీ అమ్మకుండా ప్రజల కోసం నిలిపి ఉంచుతుంది.

రెండవది, 1976 డిసెంబరు 31 నాటి చట్టం. దీని ప్రకారం సముద్ర తీరాన్ని ఆనుకొని ఉన్న ప్రైవేటు స్థలాల యజమానులు 3 మీటర్ల వెడల్పున పాదచారులకు దారి విడిచిపెట్టాలి. భూమి యజమానిదే, నడిచే హక్కు అందరిదీ. అయితే 1976 జనవరి 1కి ముందు కట్టిన నివాస గృహాలకు 15 మీటర్ల లోపు ఈ హక్కును సాధారణంగా వర్తింపజేయరు. తీరపు బాట కొన్నిచోట్ల సముద్రాన్ని వదలి రోడ్డు మీదికి ఎక్కడానికి రాతి నిటారుతనంతో పాటు ఇటువంటి మినహాయింపులు కూడా కారణం.

మూడవది, 1986 జనవరి 3 నాటి తీర చట్టం. పట్టణాలకు వెలుపల ఒడ్డు నుండి 100 మీటర్ల మేర కొత్త కట్టడాలను ఇది సాధారణంగా నిషేధిస్తుంది.

చట్టం ఉన్నంత మాత్రాన ఒడ్డు దానంతట అదే మిగలదు అనడానికి పోర్‌వాండ్ర్‌కు దక్షిణాన ఉన్న పోలీయ్ అఖాతం నిదర్శనం. ఆల్ఫ్రెడ్ నోబెల్ భాగస్వామ్యంతో 1870లో ఇక్కడ డైనమైట్ కర్మాగారం మొదలైనది. 1984లో అది మూతబడగా, ఆ స్థలంలో విహార పడవల రేవు, నివాస సముదాయం కట్టాలనే ప్రతిపాదన వచ్చినది. స్థానికులు, పర్యావరణవాదులు వ్యతిరేకించారు. చివరకు 1998లో తీర సంరక్షణ సంస్థ ఆ భూమిని కొన్నది. శుద్ధి చేసి, పాత కట్టడాలను కొన్నింటిని నిలిపి, 2008లో ప్రజలకు తెరిచారు. ఈ నిర్ణయం మరోలా జరిగి ఉంటే పోర్‌వాండ్ర్ నుండి బన్యుల్స్ వైపు నడిచేవారు ఈ అఖాతాన్ని కంచె అవతలి నుండి మాత్రమే చూడవలసి వచ్చేది.

చిత్రకారులు

1905 వేసవిలో ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాతిస్ కొలియూర్‌కు వచ్చాడు. జూలైలో ఆంద్రే దరెన్ అతనితో చేరాడు. ఇద్దరూ ఆ వేసవిలో వేసిన చిత్రాలలో ఇసుక ఎరుపుగాను, చెట్లు నీలంగాను, నీరు గులాబీ రంగులోను కనిపిస్తాయి. కంటికి కనిపించే రంగును యథాతథంగా దించడం కాక, మనసులో కలిగిన అనుభూతికి తగిన రంగును ఎంచుకోవడం వారి పద్ధతి. అదే సంవత్సరం శరత్కాలంలో పారిస్ ప్రదర్శనలో ఈ చిత్రాలను, వారి మిత్రుల చిత్రాలను చూసిన విమర్శకుడు లూయీ వోసెల్ వారిని 'అడవి మృగాలు' అనే అర్థం వచ్చే 'ఫోవ్' అనే మాటతో పేర్కొన్నాడు. ఎగతాళిగా అన్న ఆ మాటే ఫోవిజం అనే కళోద్యమానికి పేరైనది. మాతిస్ వేసిన 'తెరచిన కిటికీ, కొలియూర్' అనే చిత్రం ప్రస్తుతం వాషింగ్టన్ జాతీయ చిత్రశాలలో ఉన్నది. వారు నిలబడి చిత్రించిన చోట్లలో ఆయా చిత్రాల నకళ్ళను పట్టణమంతటా ఏర్పాటు చేశారు. చిత్రాన్ని, ఎదుటి దృశ్యాన్ని పోల్చి చూడడం విద్యార్థులకు మంచి పాఠం.

పోర్‌వాండ్ర్‌కు వచ్చిన కళాకారుడు స్కాట్లండ్‌కు చెందిన చార్లెస్ రెన్నీ మాకింతోష్ (1868 - 1928). గ్లాస్గో కళాశాల భవనంతో వాస్తుశిల్పిగా పేరు పొందిన ఇతనికి తరువాతి కాలంలో పనులు కరువైనవి. 1923లో భార్య మార్గరెట్ మెక్డొనాల్డ్‌తో దక్షిణ ఫ్రాన్సుకు వచ్చి, ఆ తరువాత పోర్‌వాండ్ర్‌లో స్థిరపడి, నీటిరంగుల చిత్రాలు వేయసాగాడు. రాళ్ళు, కోటలు, రేవు ఇళ్ళు అతని చిత్రాలకు వస్తువులు. భవనాలను గీసిన చేయి కావడం వలన ఆ చిత్రాలలో కొండకు కూడా కట్టడపు బిగువు కనిపిస్తుంది. 1927లో జబ్బుపడి లండన్ వెళ్ళి, మరుసటి సంవత్సరం మరణించాడు.

శరణార్థులు

1939 జనవరిలో స్పెయిన్ అంతర్యుద్ధం ముగింపు దశలో బార్సిలోనా పతనం కాగా, లక్షలాది ప్రజలు చలిలో పిరనీస్ దాటి ఫ్రాన్సుకు వచ్చారు. వారిలో స్పానిష్ మహాకవి ఆంటోనియో మచాదో ఒకడు. వృత్తిరీత్యా ఇతడు పాఠశాలలలో ఫ్రెంచి భాష బోధించిన ఉపాధ్యాయుడు. వృద్ధురాలైన తల్లి, సోదరుడు హోసే, అతని భార్యతో కలసి జనవరి 28న రైలులో కొలియూర్ చేరి ఒక చిన్న హోటలులో తలదాచుకున్నాడు. మరణానికి కొద్ది రోజుల ముందు సముద్రాన్ని చూడాలని కోరి, సోదరుని ఆసరాతో ఒడ్డుకు నడిచి, ఒక పడవ మీద కూర్చున్నాడని హోసే రాసిపెట్టాడు. ఫిబ్రవరి 22న, 63వ ఏట, మచాదో కన్నుమూశాడు. మూడు రోజులకు తల్లి కూడా మరణించినది. ఇద్దరి సమాధి కొలియూర్ శ్మశానంలో ఉన్నది. సమాధి వద్ద ఒక తపాలా పెట్టె కలదు. కవికి రాసిన ఉత్తరాలను సందర్శకులు అందులో వేసి వెళ్తారు.

అదే సంవత్సరం మార్చి నుండి డిసెంబరు వరకు కొలియూర్ రాజకోటను స్పానిష్ రిపబ్లిక్ సైనికులను శిక్షించే నిర్బంధ శిబిరంగా వాడారు. నేడు యాత్రికులు ఫొటోలు తీసుకునే గోడల వెనుక ఈ చరిత్ర కూడా ఉన్నది.

మరుసటి సంవత్సరం శరణార్థుల దారి ఎదురు దిశకు తిరిగినది. నాజీల నుండి తప్పించుకొని ఫ్రాన్సు నుండి స్పెయిన్ వెళ్ళదలచిన జర్మన్ యూదు తత్వవేత్త వాల్టర్ బెన్యమిన్ 1940 సెప్టెంబరులో పోర్‌వాండ్ర్ వచ్చి, అక్కడ ఉన్న లీసా ఫిట్కో అనే ఫాసిస్టు వ్యతిరేక కార్యకర్త సహాయం కోరాడు. బన్యుల్స్ నుండి కొండదారిన ఆమె అతనిని సరిహద్దు దాటించినది. స్పెయిన్ వైపున పోర్ట్‌బోలో అధికారులు అతనిని ముందుకు పోనివ్వలేదు. సెప్టెంబరు 26న అతడు అక్కడే మరణించాడు. ఇరవై నెలల తేడాలో ఒకే కొండలను ఇరువైపుల నుండి మనుష్యులు ప్రాణభయంతో దాటారని గమనించాలి.

జీవనాధారాలు

కొలియూర్ ఉప్పు వేసిన ఆంకోవీ చేపలకు ప్రసిద్ధి. ఇవి నెత్తళ్ళ జాతికి చెందిన చిన్న చేపలు. తల, పేగులు తీసి, ఉప్పు పొరల మధ్య నెలల తరబడి ఊరవేస్తారు. ఈ పనిలో స్త్రీలదే ప్రధాన పాత్ర. 2004లో 'కొలియూర్ ఆంకోవీ'కి ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే ఊరి తీరంలో చేపల వేట దాదాపు ఆగిపోయినది. 2008 ప్రాంతం నుండి లియోన్ సింధుశాఖలో ఈ చేపల పరిమాణం తగ్గిపోతున్నట్లు శాస్త్రజ్ఞులు గుర్తించారు. అందువలన బయటి సముద్రాల నుండి చేపలను తెప్పించుకోవలసి వస్తున్నది. పేరు ఊరిది, పనితనం ఊరిది, చేప మాత్రం వేరే చోటిది.

రెండవ ఆధారం ద్రాక్ష. తియ్యని బన్యుల్స్ ద్రాక్షాసవానికి 1936లోను, కొలియూర్ ద్రాక్షాసవానికి 1971లోను మూలస్థాన గుర్తింపు ఇచ్చారు. వాలు మీద యంత్రాలు తిరగవు కనుక పని అధికభాగం చేతితోనే జరుగుతుంది. తోటను వదిలివేస్తే కొన్ని సంవత్సరాలలోనే గోడలు కూలి, పొదలు పెరిగి, నిప్పుకు ఆహారమవుతాయి. 2022 నుండి ఈ జిల్లాను తీవ్రమైన కరవు పీడించినది. 2023 ఏప్రిల్ 16న సెర్‌బేర్ - బన్యుల్స్ ప్రాంతంలో చెలరేగిన మంటలలో సుమారు 1000 హెక్టార్లు కాలిపోయినవి. సాగులో ఉన్న ద్రాక్షతోట మంటకు అడ్డుకట్టగా పనిచేస్తుంది. కనుక ఇక్కడ వ్యవసాయం పంట కోసమే కాక కొండ రక్షణ కోసం కూడా అవసరం.

నడిచేవారికి సూచనలు

వసంతం, శరత్తు ఈ నడకకు అనుకూలమైన కాలాలు. జూలై, ఆగస్టు నెలలలో ఎండ తీవ్రంగాను, పట్టణాలు రద్దీగాను ఉంటాయి. దారిలో నీడ తక్కువ కనుక నీరు, టోపీ తప్పనిసరి. షిస్టు పలకలు తడిసినప్పుడు జారుతాయి. గట్టి అట్ట గల బూట్లు ధరించడం మంచిది. త్రామొంతాన్ వీచే రోజున, అగ్నిప్రమాద హెచ్చరికలు ఉన్న రోజున రాతి అంచుల దారిని మానుకోవాలి. తీరం కోతకు గురైన చోట బాటను తాత్కాలికంగా మూసి పక్కకు మళ్ళిస్తుంటారు. అటువంటి సూచనలను పాటించడం, ద్రాక్షతోటల గోడలను ఎక్కకుండా ఉండడం నడిచేవారి బాధ్యత. మూడు మీటర్ల ఈ దారి హక్కుగా లభించినదే గాని, నడిచేవారి జాగ్రత్త మీదనే అది నిలిచి ఉంటుంది.